మెట్లు మూసిన బావి

మొన్న కాలు వాచిందని నిజామాబాద్‌లో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుర్రవాడు, నా మనుమడి ఈడు. చీలమండ చుట్టూ వేలితో నొక్కి చూస్తూ ఒకచోట ఆగాడు. అక్కడ శనగగింజంత గుంట, దాని చుట్టూ ముడతపడిన చర్మం ఉంటాయి. చిన్నప్పటి నుంచీ నాతోనే ఉన్నాయి కనుక నేను వాటిని చూడటం మానేసి చాలా కాలమైంది.

"ఇదేందమ్మా, కాలిందా ఎప్పుడన్నా?"

"కాలలేదు బిడ్డా. నారికురుపు."

"అంటే?"

వేళాకోళమేమో అని ముఖంలోకి చూశాను. కాదు. గోడమీద రెండు పెద్ద పట్టాలు అద్దాల్లో వేలాడుతున్నాయి, ఆ పిల్లవాడికి మాత్రం నారికురుపు తెలియదు. బయట బెంచీ నిండా జనం. "వచ్చే వారం మల్ల వస్త గద, అప్పుడు చెప్త," అని లేచాను. ఆటోలో వస్తూ కాసేపు రోషపడ్డాను. పసుపు మార్కెట్టు దగ్గర ఆటో ఆగింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే రోషం పోయి మా తాత గుర్తొచ్చాడు. ఈ వారమంతా ఆయనతోనే గడిచింది.

తాత అంటే మా అమ్మ తండ్రి. సర్కారు సఫాయి శాఖలో దారోగా. ఊళ్ళ వెంట తిరిగి టీకాలు వేయించడం, మురికి గుంటలు పూడ్పించడం, తాగునీటి బావులు చూసుకోవడం ఆయన పని. నిజామాబాద్‌ను ఎప్పుడూ ఇందూరు అనే అనేవాడు. ఇందూరు నుంచి బోధన్ దాకా, అటు వర్ని వైపు కొత్త కాలువల వెంట ఆయన సైకిల్ పోని బాట లేదు. తలకు రుమాలు, సైకిల్ చైనుకు చిక్కకుండా పైకి దోపిన ధోవతి, వెనక రేకు పెట్టె. పెట్టె తెరిస్తే ఎర్రమందు, స్పిరిటు, పాత కాగితాలు కలిసిన వాసన వచ్చేది. వివరాలన్నీ ఉర్దూలో రాసుకునేవాడు, మాట వినని వాళ్ళను తెలుగులో తిట్టేవాడు, బోధన్ అంగట్లో బండ్ల వాళ్ళను మరాఠీలో బతిమాలేవాడు.

ఆయన పడుచుతనంలో ఇందూరుకు ప్లేగు వచ్చిందట. ఇళ్ళు వదిలి జనం చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. సూది వేయడానికి తాత పోతే తల్లులు పిల్లలను వడ్లగుమ్ముల్లో దాచి మూత పెట్టేవారు. తాత గొడవపడేవాడు కాదు. వాకిట్లో కూర్చునేవాడు, అంతే. ఒక ఇంటి ముందు పొద్దున కూర్చుంటే సాయంత్రమైంది. ఆ ఇంటామె చివరికి విసిగిపోయి గ్లాసెడు మజ్జిగ తెచ్చిచ్చిందట. తాగి గ్లాసు తిరిగిచ్చి, మళ్ళీ అక్కడే కూర్చున్నాడు. "ఇగ నువ్వు పోవు గదా," అని ఆమె గుమ్మిలోంచి పిల్లవాడిని తీసి ముందు నిలబెట్టింది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ తాత ఒకే మాటతో ముగించేవాడు. "సూది కాదు బిడ్డా, కూసునుడే మందు."

మేము ఉండేది ఇందూరులో. ఎండాకాలం వస్తే అమ్మ నన్ను తీసుకొని ఎడపల్లి దగ్గర ఉన్న తాత ఊరికి వచ్చేది. బండి ఊరిలోకి రాకముందే వాసన వచ్చేది. పెద్ద పెద్ద కడాయిల్లో పసుపు ఉడుకుతుండేది. మట్టి, ఆవిరి, ఘాటు కలిసిన ఆ వాసన తలవెంట్రుకల్లోకి దూరి వారం దాకా వదిలేది కాదు. ఉడికిన కొమ్ములు కల్లాల్లో ఆరబోసేవాళ్ళు. మేము పిల్లలం వాటి మీద పరిగెత్తి అరికాళ్ళు పచ్చగా చేసుకొని, గోడల మీద పాదాల గుర్తులు వేసి, అవ్వ చేత తిట్లు తినేవాళ్ళం. పొద్దున అంబలి, పచ్చిమిరపకాయ నూరిన కారంతో జొన్నరొట్టె. అటక మీద కుండలో బెల్లం. దాన్ని నేను సూదిగా చెక్కిన పుల్లతో కొంచెం కొంచెం గీకి తినేదాన్ని, ఎవరికీ తెలియదనుకొని. ఆ ఏడు బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీ కడుతున్నారు. మిద్దె ఎక్కితే సగం లేచిన పొగగొట్టం కనిపించేది. పెద్దవాళ్ళు కూర్చున్నారంటే చెరకు మాటే. ఎవరు ఎంత వేస్తున్నారు, కాలువ నీళ్ళు ఎవరి మడి దాకా వస్తాయి. తాత ఒక్కడే ఆ మాటల మధ్య, "పనికి వచ్చేటోళ్ళు వేలమంది ఉంటరు. వాళ్ళు తాగే నీళ్ళేవి?" అని అడిగేవాడు. వాళ్ళు మళ్ళీ చెరకు మాటలోకే పోయేవారు.

ఆ ఊరి మంచినీళ్ళ బావి దిగుడుబావి. ఒకవైపు రాతిమెట్లు నీళ్ళ దాకా పోయేవి. ఆడవాళ్ళు బిందెతో దిగి, పాదాలు మునిగే దాకా నీళ్ళలో నిలబడి, ముంచుకొని పైకి వచ్చేవారు. అందరూ అలాగే. కాళ్ళు తడవకుండా నీళ్ళు ముంచుకోవచ్చని ఎవరికీ తోచనే లేదు.

తాతకు ఆ మెట్లతోనే పోరు. మెట్లకు అడ్డంగా గోడ కట్టి, చుట్టూ గద్దె లేపి, పైన గిరకలు పెట్టించాలని మూడేళ్ళుగా అడుగుతున్నాడు. నారికురుపు ఉన్న కాలు నీళ్ళలో పడితే పురుగు తన పిల్లలను నీళ్ళలో వదులుతుంది. కంటికి ఆనీ ఆనని నీటిపురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్ళు తాగిన మనిషి ఒంట్లో అది ఏడాదిపాటు మూరెడు పొడుగు పెరిగి, కాలును చీల్చుకొని బయటికి వస్తుంది. తాత ఈ సంగతి ప్రతి అరుగు మీదా చెప్పాడు. గాజుసీసాలో బావినీళ్ళు పోసి ఎండకు పట్టి, గెంతే తెల్లటి చుక్కలు చూపించాడు. చూసినవాళ్ళు, "మన నీళ్ళు జీవమున్న నీళ్ళు," అని మురిసిపోయారు.

ఇంకొకటి జరిగింది. ఊరి చివరి వాడకు వేరే బావి ఉండేది. ఊరి బావిలో వాళ్ళను ముంచుకోనివ్వరు. తాత ముందు ఆ బావికి గిరకలు పెట్టించాడు, వాళ్ళు వద్దనలేదు కనుక. దాంతో ఊరు మరింత బిగుసుకుంది. "వాళ్ళ బావి లెక్క మన బావా?" అన్నారు. ఈ సంగతి రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మా అవ్వ కూడా ఆ మాట అన్నది.

ఆ ఎండాకాలం రెండు విషయాలు కలిసివచ్చాయి. మా చిన్నమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి కూతురిని కన్నది. ఇరవయ్యొకటో నాడు బాలింత బావి మెట్లు దిగి, పాదాలు తడుపుకొని, నీళ్ళకు పసుపు కుంకుమ పెట్టి, చిన్న బిందె ముంచుకొని రావాలి. అది ఆ ఊరి ఆచారం. రెండవది, ఆ వారంలో ఊరు ఒప్పుకోకపోతే సర్కారు ఇచ్చిన గిరకలు, సున్నం, పనివాళ్ళు వేరే ఊరికి పోతారు. మళ్ళీ ఎప్పుడో తెలియదు. తాత కన్నబిడ్డే మెట్లు దిగితే ఇక ఆయన మాట ఎవరు వింటారు? దిగకపోతే అవ్వ ఊరుకుంటుందా?

వీటికి తోడు నా కాలు. వచ్చిన నాలుగో రోజున చీలమండ పక్కన పొక్కు లేచింది. నిప్పు పెట్టినట్టు మంట. తాత చూసి పెట్టె తెచ్చుకున్నాడు. పొక్కు చిట్లాక తెల్లటి దారం లాంటిది కొస బయటపెట్టింది. తాత దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు గింజంత పొడవు తిప్పి, గుడ్డ కట్టేవాడు. తొందరపడి లాగితే తెగుతుంది, తెగితే కాలంతా చీము. "నువ్వు నిరుడు ఈడ తాగిన నీళ్ళే బిడ్డా ఇది," అన్నాడు. "బావి దిక్కు పోకు. కాలు నీళ్ళల్ల పెట్టకు. ఎంత మండినా సరే. మాటియ్యి." ఇచ్చాను.

రెండు రోజులు ఆగాను. మూడో నాటి మధ్యాహ్నం పెద్దవాళ్ళు కల్లంలో ఉన్నారు. అరుగు మీద కూర్చున్నాను. ఆ మంట ఎలా ఉంటుందంటే, కాలు తప్ప ఒంట్లో ఇంకేమీ లేనట్టు ఉంటుంది. ఎప్పుడు లేచానో, ఎప్పుడు కుంటుకుంటూ బావి దాకా పోయానో. గుడ్డ విప్పి, ఆఖరి మెట్టు మీద కూర్చొని కాలు నీళ్ళలో పెట్టాను. ప్రాణం లేచివచ్చింది. ఆ చల్లదనం ఇప్పటికీ నాకు గుర్తే. అప్పుడు చూశాను, పుండు దగ్గర నీళ్ళలో పాలచుక్క పడ్డట్టు తెల్లగా ఒక మబ్బు కదిలి, కరిగిపోయింది. కాలు లాక్కున్నాను. అప్పటికే అయిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంట్లో బిందెలోని నీళ్ళు తాగబోయి ఆగాను. అమ్మ ఏమని అడిగితే దాహం లేదన్నాను.

ఇరవయ్యొకటో నాడు వచ్చింది. చిన్నమ్మ తలంటు పోసుకొని, పాపను ఎత్తుకొని, వేపాకు దోపుకొని బయలుదేరింది. వెనక ఊరి ఆడవాళ్ళు. బావి దగ్గర మెట్ల పైన తాత నిలబడి ఉన్నాడు. ఆయన ఎదురుగా ఊరి పటేలు, ఇంకో పదిమంది. పటేలు తాతను వరుస కలిపి బావా అని పిలిచేవాడు. ఆయన హాస్యం ఎప్పుడూ కొంచెం గుచ్చుకునేది.

"ఏం బావా, బిడ్డెకే అడ్డం నిలవడ్డవు? సర్కారు జీతమిస్తున్నది బాలెంతలను ఆపుమనా?"

అవ్వ ముందుకు వచ్చింది. "పొద్దున్నుంచి చెప్తున్న, ఇంటలేడు. ఊరందరి కాళ్ళు సూసుకుంట తిరిగిండు, ఇప్పుడు మా కాళ్ళకు సంకెళ్ళేస్తడట."

"దిగితే ఏమైతదో చెప్పిన," అన్నాడు తాత. "ఎవ్వరి కాలికన్న కురుపుంటది. ఆ కాలు నీళ్ళల్ల పడుతది."

పటేలు నవ్వాడు. "మూడేండ్ల సంది గదే మాట. ఎవలు పెట్టిండ్రు బావా పుండుకాలు? ఒక్కల పేరు జెప్పు. ఒక్కటంటే ఒక్కటి. జెప్తే గీ మెట్లు నేనే మూపిస్త, పో."

 తాతకు తెలుసు. ఎవరి కాలికి ఏముందో, ఏ ఇంట్లో ఎంతమంది మంచంలో ఉన్నారో పెట్టెలోని పుస్తకంలో రాసి ఉంది. కానీ నలుగురిలో ఆ పేరు చెప్తే ఆ ఇల్లు ఇక ఆయనకు తలుపు తీయదు. ఆయన బతుకంతా తలుపులు తీయించడమే. రెండు చేతులూ వెనక్కి కట్టుకొని నేలను చూస్తున్నాడు. నేను ఆయనను అలా ఎన్నడూ చూడలేదు.

"చెప్పవేంది? పేరు లేదు గదా!" అన్నాడు పటేలు. "తప్పుకో బావా, బాలెంత నిలవడ్డది."

తాత కాలు కదిపాడు. తప్పుకుంటున్నాడనుకున్నాను.

"నేను పెట్టిన," అన్నాను.

నా గొంతు ఎవరికీ వినపడలేదేమో అని మళ్ళీ అన్నాను. "నేనే. మొన్న పగటీలి. ఆ కింది మెట్టు మీద కూసొని పెట్టిన."

"నోర్ముయ్యే పోరీ!" అంది అవ్వ.

పటేలు చప్పట్లు కొట్టాడు. "ఇగో! దొంగ ఇంట్లనే దొరికె! ఊరిని అంటున్నవు బావా, ముందు నీ ఇల్లు సూసుకో!" అందరూ నవ్వారు. నాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది.

తాత నవ్వలేదు, కోపపడలేదు. నా ముందు గొంతుకూర్చొని, గుడ్డ విప్పి, పుల్లకు చుట్టిన పురుగు అందరికీ కనిపించేలా నా కాలు తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఎందుకు పెట్టినవు బిడ్డా?"

"మండింది తాతా."

"సల్లగైందా?"

"అయింది."

తాత నా కాలు దించకుండానే తల ఎత్తాడు. "ఇన్నరా? మండింది, పెట్టింది. దినాం నేను గుడ్డ కట్టి చెప్పిన, మాట తీసుకున్న. దారోగా మనుమరాలే ఆగలేదు. మీ పిల్లలు ఆగుతరా? మీరాగుతరా? మండే కాలు ఎవ్వరి మాటా ఇనది. మెట్టుంటే దిగుతది. తప్పు పిల్లది గాదు, మెట్టుది." లేచి నిలబడ్డాడు. "పటేలా, పేరడిగినవు. చెప్పింది. మాట మీదుంటవా?"

పటేలు ముఖంలో నవ్వు ఆగింది. మెల్లగా అన్నాడు, "మాట సరే. మరి గంగల కాలు తడువకుంటే బాలెంతకు మైల ఎట్ల పోతది? అది జెప్పు."

 అది తాత ఉర్దూ పుస్తకంలో రాసి లేదు. చిన్నమ్మ పాపను అమ్మ చేతికిచ్చి, కొంగు బిగించింది.

"బాపూ, ఒక్క బొక్కెన నీళ్ళు చేదు."

తాత చేంతాడు కట్టి, గట్టు మీద వంగి, బొక్కెన వదిలి చేదాడు. చిన్నమ్మ ఆ బొక్కెనకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, చేతులు జోడించింది. తర్వాత చెంబుతో ముంచి తన పాదాల మీద పోసుకుంది. ఒక చెంబు, రెండు, మూడు. నీళ్ళు పసుపుగా మట్టిలోకి పారాయి.

"తడిసినయి గదా," అంది అవ్వ వైపు చూస్తూ. "గంగ నా కాడికే వచ్చింది. నేను దిగ. నా బిడ్డ రేపు ఎండకాలం గీ నీళ్ళే తాగాలె."

 గుంపులోంచి ఒక ముసలామె వచ్చి, మిగిలిన నీళ్ళలో వేళ్ళు ముంచి తన కళ్ళకు అద్దుకుంది. అంతే. ఇక వాదించడానికి ఎవరికీ ఏమీ మిగలలేదు.

వారం తిరిగేసరికి గోడ లేచింది. మొదటి రాయి పటేలే పెట్టాడు, "పోరి నోరు మంచిది గాదు బావా," అని నన్ను చూసి మీసాల్లో నవ్వుతూ. నాలుగు గిరకలు వచ్చాయి. అవి తిరుగుతుంటే కీచుమనే చప్పుడు మా ఇంటి దాకా వినిపించేది. బావిలో అప్పటికే ఉన్నదాని కోసం తాత తన పాత ధోవతులన్నీ చింపి, రెండు మడతలు వేసి, ఇంటికొక ముక్క పంచాడు. నీళ్ళు దాంట్లో వడకట్టి తాగాలి. అందరూ కట్టారు, మా అవ్వ తప్ప. "నీ ధోవతిల వడకట్టిన నీళ్ళు నేను తాగుతనా? నా తల్లి తాగింది, నేను తాగుత," అని గిరక దగ్గరే దోసిలి పట్టి తాగేది.

మరుసటి ఎండాకాలం అవ్వ మోకాలి కింద పొక్కు లేచింది.

 తాత రోజూ పొద్దున పీట వేసుకొని కూర్చొని, ఆమె కాలు ఒడిలో పెట్టుకొని, పుల్ల తిప్పేవాడు. నేను వేడినీళ్ళ గిన్నె పట్టుకొని నిలబడేదాన్ని. అవ్వ ఆయనను, సర్కారును, పురుగును కలిపి తిట్టేది. నన్ను మాత్రం దగ్గరికి పిలిచి, అటక మీది కుండలోంచి బెల్లం ముక్క తీయించి, "గీకి తినకు, ఇరిసి తిను," అనేది. ఆమెకు ఎప్పుడో తెలుసన్నమాట.

ఆ పై ఏడు తాత ఇల్లిల్లూ తిరిగి కాళ్ళు చూశాడు. "దారోగా మొఖం సూడడు, కాళ్ళే సూస్తడు," అని జనం వేళాకోళం చేసేవారు. ఒక్క కురుపూ లేదు. తర్వాత ఏడూ లేదు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు వచ్చి గోడ చూసిపోయారు. బాలింతలు గద్దె దగ్గర పాదాల మీద నీళ్ళు పోసుకోవడమే ఆ వైపు ఆచారమైపోయింది. అది ఎవరు మొదలుపెట్టారో తర్వాత ఎవరికీ గుర్తులేదు.

తాత ఆగలేదు. చక్కెర ఫ్యాక్టరీ నడిచాక చెరకు కొట్టేవాళ్ళ గుడిసెల వెంట తిరిగాడు. కాలువ గుంటల్లో నూనె చల్లించాడు, చలిజ్వరానికి చేదుమాత్రలు మింగించాడు, కలరా వచ్చినప్పుడు వాకిళ్ళలో కూర్చున్నాడు. సర్కారు మారింది, ఉద్యోగం అయిపోయింది, సైకిల్ తొక్కలేక నడిచాడు. తొంభై దాటాక కూడా మంచంలోంచి కోడలిని అడిగేవాడు, "నీళ్ళు వడకట్టినవా?" అని.

నేను బడిలో చదివింది నాలుగో తరగతే. మిగతాదంతా ఇందూరు గ్రంథాలయంలో చదువుకున్నాను. పిల్లలు బడికి పోయాక వెళ్ళి, బీరువా వెనక స్టూలు మీద కూర్చొని చదివేదాన్ని. కథలయ్యాయి, చరిత్రలయ్యాయి. ఒకరోజు ఆరోగ్యశాస్త్రం పుస్తకంలో నీటిపురుగు బొమ్మ కనబడింది. ఒంటికన్ను, వెనక రెండు సంచులు. కింద దాని కథ, తాత సీసా పట్టుకొని చెప్పిందే, అచ్చులో. నీళ్ళు తాగిన దగ్గర నుంచి కురుపు లేచేదాకా ఏడాది పడుతుందని ఉంది. ఆ వాక్యం దగ్గర వేలు ఆగిపోయింది. నేను కాలు పెట్టిన ఎండాకాలం. గోడ లేచాక ఇంకెవరూ కాలు పెట్టలేదు. అవ్వ వడకట్టకుండా తాగింది. ఏడాది.

అవ్వ అప్పటికి లేదు. మరునాడే బస్సెక్కి తాత దగ్గరికి పోయాను. మంచం పక్కన కూర్చొని అడిగాను. "తాతా, అవ్వకు లేచిన కురుపు నాదేనా?"

 తాత చూపు మసకబారింది కానీ ఆ కళ్ళు ఏదీ దాచేవి కావు.

"నీదే గావచ్చు. ఇంకెవ్వలదన్న గావచ్చు."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెల్సు. మీ అవ్వకు నాకంటె ముందే తెల్సు. వేళ్ళ మీద నెలలు లెక్కవెట్టింది. నాకు చెప్పింది." తాత మంచంలో కొంచెం లేచి కూర్చున్నాడు. "'పిల్లకు చెప్పకు,' అన్నది. 'నలుగురిల నిలవడి నిజం చెప్పిన పిల్ల. ఇది తెలిస్తే మల్ల జన్మల నోరు తెరువది,' అన్నది."

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఏడ్చాను. గ్రంథాలయంలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ మాట లేదు. వడకట్టని నీళ్ళు తాగిన మనిషి, బావి మెట్ల కోసం తాతతో పోట్లాడిన మనిషి, పుల్ల తిప్పుతుంటే తాతను తిడుతూనే, ఆ నొప్పి ఎవరి నుంచి వచ్చిందో తెలిసి, నా చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

నిన్న మళ్ళీ డాక్టరు దగ్గరికి పోయాను. వాపు తగ్గింది. చీటీ రాస్తూ అతనే అడిగాడు, "ఏదో చెప్తనన్నరు గదమ్మా, ఆ మచ్చ సంగతి?" బయట బెంచీ మీద జనం ఉన్నారు. ఉండనీ అనుకున్నాను. కాలు ఎత్తి స్టూలు మీద పెట్టాను. లోపలికి వచ్చిన నర్సు పిల్ల కూడా ఆగి చూసింది.

"అప్పుడు నాకు తొమ్మిదేండ్లు బిడ్డా," అన్నాను. "మంచినీళ్ళ బావిల కాలు పెట్టిన."